చేపకు తల్లి పోసింది

ముక్కు మీద కోపం ఉన్న మనిషి ఓపిక కావాల్సిన పని నెత్తికెత్తుకుంటే ఎట్లా ఉంటుందో మా ఇంటి ముందర అర్రలోకి వచ్చి చూడొచ్చు. ఆ గదిలో గోడకు ఆనించి ఒక గాజు తొట్టి ఉంది. అందులో సముద్రపు ఉప్పు కలిపిన నీళ్లు, చిల్లులు పడ్డ రాళ్లు, ఆ రాళ్ల మీద చొక్కా గుండీలంత పగడపు పువ్వులు, రెండు నత్తలు, రెండు నారింజ రంగు చేపలు. కోరుట్లలో ఎవరినైనా సముద్రం ఎటు దిక్కు అని అడిగితే ముందు బస్టాండ్ వైపే చెయ్యి చూపిస్తారు. అలాంటి ఊళ్లో నేను ఈ తొట్టి పెట్టుకోవడానికి కారణం సిరిసిల్ల.

నేను సిరిసిల్లలో పుట్టి పెరిగాను. మా ఇంట్లో సాంచాలు నడిచేవి. పేపర్లో వాటిని మరమగ్గాలు అని రాస్తారు గానీ మాకు అవి సాంచాలే. ఆ చప్పుడులోనే తిన్నాం, చదివాం, పడుకున్నాం. మాట వినపడాలంటే అరవాలి కాబట్టి మా ఇంట్లో అందరికీ గొంతు పెద్దది. కరెంటు పోయి సాంచాలు ఆగితే ఇంటిల్లిపాదీ లేచి కూర్చునేవాళ్లం. పెళ్లయి కోరుట్లకు వస్తే అత్తగారింట్లో గోడ గడియారం నడవడం కూడా వినిపించింది. ఆ నిశ్శబ్దానికి నాకు నిద్ర పట్టలేదు. చాలా ఏళ్లు సరిగా పట్టనే లేదు.

అత్తమ్మకు చప్పుడంటే గిట్టదు. మిక్సీ వేస్తే లేచి వాకిట్లోకి పోయి కూర్చుంటుంది. కొత్తలో నా గొంతు విని వంటింట్లోకి తొంగి చూసేది.

"ఎవలతోని కొట్లాడుతున్నవే?"

"కొట్లాడుతలేను అత్తమ్మా, ఫోన్ల మా అవ్వతోని మాట్లాడుతున్న."

"గట్లనా," అని వెళ్లిపోయేది. ఆమె 'గట్లనా' అంటే నమ్మిందని కాదు, ఆ సంగతి అక్కడితో వదిలేసిందని అర్థం.

నేను జగిత్యాలలో ఒక రక్త పరీక్షల ల్యాబులో టెక్నీషియన్‌ని. రోజూ బస్సులో పోయి వస్తాను. కొత్త మిషన్ మీద పని నేర్చుకోవడానికి నన్ను ఒకసారి హైదరాబాద్ పంపించారు. అక్కడ కూర్చోబెట్టిన హాల్లో ఒక ఉప్పు నీళ్ల తొట్టి ఉంది. నీలం లైటు కింద పువ్వులు ఊగుతున్నాయి, చేపలు తిరుగుతున్నాయి. అందరూ చేపలను చూస్తుంటే నేను పంపు చప్పుడు విన్నాను. సన్నగా, ఆగకుండా, రెండిళ్ల అవతల సాంచా నడుస్తున్నట్టుంది. కుర్చీలో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే నిద్రపోయాను. పెళ్లయ్యాక నేను పోయిన మంచి నిద్ర అదే. ట్రైనింగ్ ఇచ్చే సారు వచ్చి లేపాడు. ఆ మిషన్ గురించి ఏం చెప్పాడో ఇప్పుడు గుర్తు లేదు గానీ, తొట్టి గురించి వాచ్‌మన్‌ను నిలబెట్టి అన్నీ అడిగి తెలుసుకున్నాను.

ఇంటికి వచ్చి మా ఆయనతో చెప్పాను. ఆయనది మోటార్ వైండింగ్ షాపు. చుట్టు మీద చుట్టు రాగి తీగ చుట్టే మనిషి కాబట్టి ఎంత పొడుగు మాటైనా ఓపికగా వింటాడు. జవాబు మాత్రం ఎప్పుడూ ఒకటే.

"అవ్వను అడుగు."

అవ్వ అంటే వాళ్లమ్మ, మా అత్తమ్మ. అడిగాను.

"చేపలా? వండుకునేటియా, చూసుకునేటియా?"

"చూసుకునేటియే అత్తమ్మా."

"చూసుకునెతందుకు ఇంట్ల మేం లేమా?" అంది. మళ్లీ తనే, "సరే తియ్యి, ఓ మూలకు పెట్టుకో," అంది.

ఆమె లెక్కలో అది గాజు గిన్నెలో ఒక బంగారు చేప. నేను ఆ లెక్కను సరిదిద్దలేదు. ఆ ఇంట్లో నేను కొన్న సామాను చాలా ఉంది, ఫ్రిజ్ నుంచి ఫ్యాన్ల దాకా. అవన్నీ ఇంటికి కావాల్సినవి. నాకు కావాలని నోరు తెరిచి అడిగి తెచ్చుకున్నది ఈ తొట్టి ఒక్కటే. అందుకే దాని మీద నాకు అంత పంతం.

మా ల్యాబుకు దగ్గర్లో ఒక చేపల షాపు ఉంది. బంగారు చేపలు, లవ్ బర్డ్స్, కుక్క బిస్కెట్లు అమ్మే ఆ షాపు భాయ్‌కి నా సంగతి చెప్పాను. ఆయన చేతిలో ఉన్న వల పక్కన పెట్టాడు.

"ఉప్పు నీళ్లదా అక్కా? మన దిక్కు ఎవ్వలు పెట్టలే. నేను గూడ పెట్టలే. మాల్ అయితె హైదరాబాద్ నుంచి తెప్పిస్త. బతుకుడు, సచ్చుడు పైనోని చేతుల ఉన్నది."

అంత నిజాయితీగా అమ్మేవాడు మళ్లీ దొరకడని ఆయన దగ్గరే అన్నీ కొన్నాను. తొట్టి, ఇసుక, పంపు, లైటు, సంచీడు ఉప్పు మా ఆయన షాపు ఆటోలో ఇంటికి వచ్చాయి. ఆటో దిగుతున్న తొట్టి వెడల్పు చూసి అత్తమ్మ తన మంచాన్ని తానే కొంచెం పక్కకు జరుపుకుంది. నేను అప్పుడే భయపడాల్సింది.

బోరు నీళ్లు ఈ తొట్టికి పనికిరావు. మినరల్ వాటర్ క్యాన్లు తెచ్చి మూత తీసి మీటరు ముంచి చూస్తుంటే ప్లాంటతను నొచ్చుకున్నాడు.

"మనుషులు తాగుతున్నరు మేడం ఈ నీళ్లు. చేపలకు మీటరు పెట్టి చూస్తున్నరా?"

ఇక ఉప్పు. వాకిట్లో బకెట్ పెట్టి గ్రాముల్లో తూచి కలుపుతున్నాను. అత్తమ్మ వచ్చి పచ్చడికి ఉప్పు చూసినట్టు చిటికెడు తీసి నాలిక మీద వేసుకుని మొహం చిట్లించింది.

"గిదేం ఉప్పే, చేదున్నది. తొక్కుల ఏస్తె తొక్కు ఖరాబైతది."

"తొక్కుకు కాదత్తమ్మా, సముద్రానికి."

"సముద్రానికి నువ్వు ఉప్పేసుడేంది?"

పైగా ఉప్పు తొక్కితే ఇంటికి మంచిది కాదని ఆమె నమ్మకం. నా చేతిలోంచి గింజ రాలినప్పుడల్లా నా వెనకాల తడిగుడ్డ పట్టుకుని తుడుచుకుంటూ తిరిగింది. ఆ రోజు మా వాకిలి అద్దంలా ఉంది.

అసలు కష్టం తర్వాత మొదలైంది. ఉప్పు నీళ్ల తొట్టిలో వెంటనే చేపలు వెయ్యకూడదు. ఒక పచ్చి రొయ్య ముక్క వేసి కుళ్లనివ్వాలి. ఆ కుళ్లును తినే సూక్ష్మజీవులు రాళ్లలో కాపురం పెట్టి, నీళ్లు పరీక్షలో పాసయ్యేదాకా ఆగాలి. వారాలు పడుతుంది. బస్సు కాస్త ఆలస్యమైతేనే కండక్టర్‌తో పేచీ పెట్టుకునే దాన్ని, రోజూ పొద్దున సీసాలో చుక్కలు వేసి రంగు చూసి ఉసూరుమంటూ కూర్చున్నాను. మా ఇంట్లో సముద్రపు చేపల తొట్టి పెట్టారట అని వాడకట్టు ఆడవాళ్లు చూడటానికి వచ్చారు. రాళ్లు, నీళ్లు, వెలుగుతున్న లైటు కనిపించాయి.

"చేపలేవక్కా?"

"ఇంకా రావాలె."

"మరి లైటెందుకు?"

వాళ్లు చాయ్ తాగి ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ పోయారు. అత్తమ్మ వాళ్లను గేటు దాకా సాగనంపుతూ, "చదువుకున్న పిల్ల, ఏదో ఉండే ఉంటది," అనడం విన్నాను. లోపలికి వచ్చాక నాతో మాత్రం, "రొయ్యను కుళ్లబెట్టి చేపకు ఎదురుసూసుడేందే, రొయ్యనే వండుకుంటె అయిపోవు గదా," అంది.

ఆమెకు పంపు చప్పుడు ఒక్క రోజు కూడా నచ్చలేదు. "గుయ్యిమంటది. దావఖాన్ల పండుకున్నట్టున్నది," అని రోజూ ఒకసారి చెప్పేది. నాకు మాత్రం పక్క మీద వాలితే చాలు, కళ్లు మూతలు పడేవి.

చివరికి నీళ్లు పాసయ్యాయి. భాయ్ తెప్పించిన చేపల, పువ్వుల పార్సిల్‌ను జగిత్యాల నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. పువ్వులు ముందు మూడు రోజులు మొహం చూపించలేదు. తర్వాత ఒక పొద్దున లైటు వెయ్యగానే ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. ఆకుపచ్చ అంచు, నడుమ పసుపు. అత్తమ్మ చాయ్ గ్లాసుతో వచ్చి నిలబడింది.

"ఇవి పువ్వులా, పురుగులా?"

"జంతువులే అత్తమ్మా. పువ్వుల లెక్క ఉంటయి."

"బతుకమ్మల పెట్టరాదు గని, మంచిగనే ఉన్నయి," అంది.

చేపల్లో పెద్దది ఆడది, చిన్నది మగది. ఈ జాతిలో ఆడదే పెత్తనం చేస్తుంది, మగది దాని వెనకాల తోకాడించుకుంటూ తిరుగుతుంది. ఈ ముక్క చెప్పగానే అత్తమ్మ మొట్టమొదటిసారి స్టూలు లాక్కుని తొట్టి ముందు కూర్చుంది. పెద్దదాన్ని పెద్దామె అనీ చిన్నదాన్ని చిన్నోడు అనీ పిలవడం మొదలుపెట్టింది. చిన్నోడు వెనకబడితే, "ఉరుకు, మొగుడా," అనేది. మా ఆయన ఆ మాట విన్నప్పుడల్లా షాపుకు బయలుదేరేవాడు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా నా నోరు పని చెడగొట్టింది. ఒక సాయంత్రం ల్యాబు నుంచి వచ్చేసరికి తొట్టి నీళ్లు తెల్లగా ఉన్నాయి. అడుగున పప్పన్నం మెతుకులు. అత్తమ్మ చేతిలో గిన్నె, పక్కన ఇద్దరు వాడకట్టు ఆడవాళ్లు.

"పాపం, పొద్దుగాల సంది ఏం తినలెవ్వు," అంది.

నేను సిరిసిల్ల గొంతుతో అరిచాను. అన్నం వేస్తే నీళ్లు పాడవుతాయనీ, ఇన్నాళ్ల కష్టం బూడిదలో పోసినట్టయిందనీ, పంపు ఆగినా, నీళ్లు చెడినా అవి ఊపిరాడక చస్తాయనీ, ఎన్నిసార్లు చెప్పాలనీ అరిచాను. వచ్చినవాళ్లు మెల్లగా చెప్పులు వేసుకున్నారు. అత్తమ్మ గిన్నె కడిగి బోర్లించి, ఫోన్ తీసి, దసరాకు ముందు ఇంటికి రంగులు వేసే అతనికి చేసింది.

"ఇగ ఆగుడు లేదు బిడ్డ, వచ్చే వారమే రా. ముందర అర్ర కెళ్లి మొదలువెట్టు. సామానంత బయట పెడ్తం."

ఫోన్ పెట్టేసి తొట్టి వైపు చూపు తిప్పింది. "గది గూడ."

"అత్తమ్మా, దాన్ని కదిలిస్తె ఆగమైతది. రంగు వాసనకే సచ్చిపోతయి."

"రంగులేసినంక సూద్దాం."

అత్తమ్మ సూద్దాం అన్నదేదీ మేము మళ్లీ చూడలేదు. పోయినసారి రంగులప్పుడు మా పెళ్లి సోఫాను అలాగే సూద్దామని బయట పెట్టించింది. ఇప్పుడది మేడిపల్లిలో ఆమె చెల్లెలి ఇంట్లో ఉంది. పైగా ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆమె వల్ల కాదు. అది మా ఆయనకూ తెలుసు, అందుకే నేను ఆయన వైపు చూడగానే రెండు చేతులూ ఎత్తాడు.

"నన్ను నడుమల గుంజకుర్రి."

ఆమెను బతిమాలదామని రెండుసార్లు వంటింటి గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చాను. తొట్టిని ఎక్కడ పెట్టాలా అని ల్యాబంతా వెతికాను. భాయ్‌ని అడిగితే ఆయన షాపులో కాలు పెట్టే చోటే లేదు. నీళ్లు మూడుసార్లు మార్చి తేటగా చేసుకున్నాను గానీ లోపల నాకు ఏడుపుగానే ఉంది. రంగులతను వచ్చే ముందురోజు పొద్దున లైటు వేసి చూస్తే చిన్నోడి ఒంటి మీద తెల్లటి చుక్కలున్నాయి. రవ్వ చల్లినట్టు, రెక్కల నుంచి తోక దాకా.

భాయ్‌కి ఫొటో పంపాను. వెంటనే ఫోన్ చేశాడు.

"తెల్ల మచ్చల బీమారి అక్కా. పురుగు. తొట్టిల మందు ఏస్తె పువ్వులు సస్తయి, ఏయకు. పానం గట్టిపడాలె గంతే. తిండికి ఎల్లిపాయ రసం పట్టియ్యి. లైటు తక్కువ వెట్టు, సప్పుడు చెయ్యకు, ఎవ్వల్ని దగ్గరికి రానియ్యకు. నీళ్లు మార్చుకుంట ఉండు."

ఫోన్ పెట్టేసరికి అత్తమ్మ నా భుజం మీది నుంచి తొట్టిలోకి చూస్తోంది. కళ్లజోడు సర్దుకుంది. ఇంకొంచెం వంగింది. అరచేతులు జోడించింది.

"తల్లి పోసింది," అంది.

మా దిక్కు ఒంటి మీద పొక్కులు లేస్తే జబ్బు అనరు. తల్లి పోసింది అంటారు. తల్లి ఇంటికి చుట్టంగా వచ్చిందని లెక్క. ఆమె ఉన్నన్నాళ్లూ ఇంట్లో తాలింపు వెయ్యరు, నీసు వండరు, ఎల్లిపాయ ఒలవరు, గొంతు లేపరు. గుమ్మానికి వేపమండలు కడతారు. తల్లి ఉన్న మనిషిని ఇల్లు కదిలించరు.

"అత్తమ్మా, అది తల్లి కాదు. పురుగు. నేను మైక్రోస్కోపుల దినాం సూస్త..."

"నోరు కడుక్కో పో. తల్లిని వట్టుకొని పురుగంటవా," అంది. అంటూనే ఫోన్ తీసింది. "రంగులు ఇప్పుడు కాదు బిడ్డ. మా ఇంట్ల తల్లి పోసింది. ఎవలకా? మా చిన్నోనికి."

నేను నోరు కడుక్కోలేదు గానీ మూసుకున్నాను. శాస్త్రం తెలిసిన దాన్ని, ఇంకొంచెం వాదించి ఉండాల్సింది. తొట్టి బయటికి పోకుండా ఆగుతుంటే వాదించబుద్ధి కాలేదు.

మధ్యాహ్నానికి తొట్టి చుట్టూ వేపమండలు వచ్చాయి. లోపల వెయ్యబోతే కాళ్లావేళ్లా పడి ఆపాను. ముందర అర్రలో టీవీ బంద్. కిటికీకి పాత చీర అడ్డం కట్టింది. పొయ్యి మీద తాలింపు లేని చారు. మా ఆయన ఫోన్‌లో గట్టిగా మాట్లాడితే, "తల్లికి కోపమస్తది," అని వాకిట్లోకి పంపింది. నేను గిన్నె పడేసి విసుక్కోబోయినా అదే మాట. వారం రోజులు నేను ఇంట్లో గొంతు లేపలేదు. నాకు అది జ్వరం కంటే కష్టంగా ఉంది. భాయ్ చెప్పిన వైద్యమూ అదే కదా అని తట్టుకున్నాను, ఒక్క ఎల్లిపాయ తప్ప.

ఇంట్లో ఎల్లిపాయ ఒలిస్తే అత్తమ్మ ఊరుకోదు. అందుకని జగిత్యాలలో కొని, ల్యాబులో భోజనం వేళ దంచి, రసం పిండి, కొత్త శాంపిల్ సీసాలో పోసి, బ్యాగులో పెట్టుకుని తెచ్చేదాన్ని. "ఎవలో తొక్కు తెచ్చిర్రు, నాకు ఇయ్యలేదు," అని మా సారు రోజూ ఆరా తీశాడు. బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉండేది. ఇంటికి రాగానే అత్తమ్మ కళ్లు కప్పి చేపల తిండిని అందులో నానబెట్టి వేసేదాన్ని. ఒక రోజు ఆమె ముక్కు ఎగరేసింది.

"ఏందే, నీ బ్యాగు వాసన వస్తంది?"

"బస్సుల ఎవలదో తొక్కు సీసా పలిగింది అత్తమ్మా."

"గట్లనా," అంది.

చిన్నోడికి తల్లి పోసిందన్న వార్త వాడకట్టంతా తిరిగింది. హాస్టల్లో ఉన్న మా బిడ్డ తప్ప ఇంట్లో పిల్లలు లేరని తెలిసినవాళ్లు కూడా కొబ్బరి బోండాలు తెచ్చి గేటు దగ్గర పెట్టి పోయారు. మేమే తాగాం. ఆఖరికి మా వాడకు వచ్చే ఆశా వర్కర్ వచ్చింది. చెప్పులు బయటే విడిచి, గొంతు తగ్గించి అడిగింది.

"బాబుకు ఎన్నేండ్లుంటయమ్మా?"

"ఏమో బిడ్డ. జగిత్యాల బస్సుల అచ్చిండు," అంది అత్తమ్మ.

"ఎవలతోని అచ్చిండు?"

"కోడలు తెచ్చింది. కవర్ల."

ఆమె నా వైపు చూసింది. నేను కిటికీకి కట్టిన పాత చీర పక్కకు జరిపి, వెలుతురులో తొట్టి చూపించాను. ఆమె చాలాసేపు చూసి, చిన్నగా దగ్గి, "నాది మనుషుల డ్యూటీ అమ్మా," అని బోండాం నీళ్లు తాగి పోయింది. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. ఆమెకూ దగ్గు వచ్చిందేమో అనుకున్నాను.

నవ్వులాట అక్కడితో ఆగింది. చిన్నోడి చుక్కలు పెద్దామెకూ పాకాయి. పెద్దామె తిండి మానేసింది. ఒక మూల ఇసుకకు ఆనుకుని, రెక్కలు గట్టిగా కొట్టుకుంటూ ఊపిరి తీసుకుంటోంది. ఆ పొద్దున నాకు ల్యాబుకు పోబుద్ధి కాలేదు, పోక తప్పలేదు. అక్కడ ఒక స్లైడును ఎన్నిసార్లు చూసినా లెక్క తేలలేదు. ఈ తొట్టి పోతే మళ్లీ ఆ ఇంట్లో ఇంకోటి అడిగే ధైర్యం నాకు రాదని తెలుసు. ఆ భయంతోనే బస్సెక్కాను.

కోరుట్లలో దిగేసరికి ఊరంతా కరెంటు లేదు. ఎప్పుడు పోయిందని పాన్‌డబ్బా అతన్ని అడిగితే పగటీలి, మధ్యాహ్నం అన్నాల వేళ నుంచీ లేదన్నాడు. ఇంటి దాకా దాదాపు పరుగెత్తాను. పంపు ఆగి అంతసేపైతే పెద్దామె బతికి ఉండదు. గేటు తీసింది తీసినట్టే వదిలేసి లోపలికి పోయాను.

ముందర అర్రలో అత్తమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది. చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి. చేతిలో చెంబు. తొట్టిలో ముంచుతోంది, జానెడు పైకి ఎత్తుతోంది, సన్నటి ధారగా మళ్లీ తొట్టిలోనే పోస్తోంది. నీళ్లలో బుడగలు లేస్తున్నాయి. ఆ బుడగల కింద పెద్దామె రెక్కలాడిస్తోంది.

"ఎప్పటి సంది చేస్తున్నవ్ అత్తమ్మా?"

"పంపు ఆగితె గాలి ఆడదని అరిస్తివి గదా ఆ రోజు," అంది, చెంబు ఆపకుండా. "పగటీలి జర కన్నంటుకున్నది. సప్పుడు ఆగంగనే మెలకువచ్చింది. ఇల్లంత ఎట్లనో అయింది. నాకు భయమైంది."

నేను ఆమె చేతిలోంచి చెంబు తీసుకున్నాను. నా కళ్లలో నీళ్లు వచ్చాయి. సిరిసిల్లలో సాంచా ఆగితే మేమంతా లేచి కూర్చునే సంగతి ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. ఆమె తన మోచెయ్యి నొక్కుకుంటూ, "పొయ్యి, మెల్లగ పొయ్యి. ఆమె మీద పడకుంట," అంది. కరెంటు వచ్చేదాకా మార్చి మార్చి పోశాం. మా ఆయన షాపు నుంచి బ్యాటరీ మోసుకొచ్చే సమయానికి కరెంటు వచ్చింది, ఆ తర్వాత ఎప్పుడు పోయినా ఆ బ్యాటరీయే పంపును నడిపిస్తోంది.

మర్నాడు పెద్దామె ఒక మెతుకంత తిండి నోట్లో వేసుకుని ఉమ్మేసింది. ఆ తర్వాతి రోజు మింగింది. చుక్కలు ఒక్కొక్కటే రాలసాగాయి. ఇక నీళ్లు పోయాలంది అత్తమ్మ. తల్లి తగ్గుముఖం పడితే ఎండలో పెట్టిన వేపాకు, పసుపు నీళ్లు తలమీద పోసి స్నానం చేయిస్తారు.

"అవి నీళ్లల్లనే ఉన్నయి గదా అత్తమ్మా. పసుపు తగిలితె పువ్వులు ఖతం."

"మరి నీళ్లు పొయ్యకుంట తల్లి ఎట్ల పోతది?"

చివరికి ఒప్పందం కుదిరింది. నీళ్లు మార్చడం ఎలాగూ ఉంది. నేను ఉప్పు కలిపిన బకెట్‌ను ఆమె వాకిట్లో పొద్దుటి ఎండలో పెట్టించింది. వేపమండలు బకెట్ బయట, చెవులకు కట్టింది. పసుపు బకెట్‌కు బయట బొట్లుగా పెట్టింది. పాత నీళ్లు తీసి కొత్త నీళ్లు పోస్తుంటే పక్కనే నిలబడి, "సల్లగ సూడు తల్లీ," అని మొక్కింది. నేను ఉష్ణోగ్రత చూశాను, ఉప్పు చూశాను, అన్నీ సరిగ్గా ఉన్నాయి. మొదటి నీళ్లు, రెండో నీళ్లు, మూడో నీళ్లు అయ్యాయి. నేను సెల్‌ఫోన్ టార్చి వేసి, ల్యాబు నుంచి తెచ్చిన భూతద్దం పెట్టి రెండు చేపలనూ అన్ని వైపులా చూశాను. ఎక్కడా ఒక్క చుక్క లేదు.

సంతోషపడదామనుకునేలోపు రంగులతని ఫోన్ వచ్చింది. అత్తమ్మ స్పీకర్ పెట్టింది.

"తక్కువైందా అమ్మా? మీ దగ్గర అయిపోతె నాకు ముత్యంపేటల ఇంకో ఇల్లున్నది. రేపు రావాల్నా?"

నేను భూతద్దం చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. తల్లి పోయింది కాబట్టి ఇక ఆగడానికి కారణం లేదు. తొట్టి రేపు వాకిట్లోకి, అక్కడి నుంచి మేడిపల్లికి. అత్తమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి పెట్టుకుంది. తొట్టి దగ్గరికి వచ్చి, ముక్కు గాజుకు ఆనేంత వంగి చూసింది.

"తక్కువైంది బిడ్డ," అంది ఫోన్‌లో. "గని ఇంకొక్క చుక్క ఉన్నది. ముందర అర్ర ఇడిసిపెట్టి కడుమ ఇల్లంత ఎయ్యి."

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి పోయింది. కాసేపటికి చుయ్యిమని తాలింపు చప్పుడు, ఇల్లంతా ఎల్లిపాయ వాసన. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"ఇంట్ల ఇంకా తల్లి ఉన్నది గదా అత్తమ్మా. ఎల్లిపాయ ఏసినవ్?"

"ఎల్లిపాయ లేని పప్పు ఎన్ని రోజులు తినాలె?" అంది నా వైపు తిరగకుండా. "నువ్వు గూడ రేపటి సంది ఇంట్లనే దంచుకో. బస్సుల దినాం తొక్కు సీసాలు పలుగుతున్నయి."

దసరాకు ఇల్లంతా లేత ఆకుపచ్చ రంగు వేశారు. ముందర అర్ర మాత్రం పాత గులాబీ రంగులోనే ఉంది, మేకుల గుంటలతో సహా. పెద్దల చేతిలో జమ్మాకు పెట్టి మొక్కడానికి వచ్చిన వాడకట్టు వాళ్లందరూ లోపలికి రాగానే అదే అడిగారు.

"ఏందవ్వా, గీ అర్రకు ఎయ్యలేదా?"

"ఎట్ల ఏస్తం? తల్లి ఇంకా పోలె," అంది అత్తమ్మ మంచం మీద కూర్చుని. తొట్టిలో చేపలు రెండూ నిగనిగలాడుతూ తిరుగుతున్నాయి. వచ్చినవాళ్లు గాజుకు మొహాలు ఆనించి వెతికారు. ఎవరికీ ఏమీ కనిపించలేదు.

"చుక్క ఏడున్నదవ్వా? మాకు కనవడుతలేదు."

"మీ కండ్లకు కనవడది. మా కోడలు ల్యాబుల చేస్తది, ఆమెను అడుగుర్రి."

అందరూ నా వైపు తిరిగారు. అత్తమ్మ మాత్రం తిరగలేదు, చేతిలోని జమ్మాకును వేళ్లతో సాపు చేసుకుంటోంది. మా ల్యాబులో ఒకటే నియమం. కనిపించింది ఉన్నదని రాయాలి, కనిపించనిది లేదని రాయాలి. ఇన్నేళ్లలో నేను దాన్ని ఒక్కసారీ తప్పలేదు. తొట్టి దగ్గరికి పోయి, వంగి, పెద్దామెను తీరిగ్గా చూశాను.

"ఉన్నది," అన్నాను. "ఒక్కటే. తోక దగ్గర."